ఓడ టికెట్టు ఎవరి దగ్గర కొనాలి? అనంతపురం నుంచి నా అనుభవం

అనంతపురంలో సాయినగర్ నుంచి సప్తగిరి సర్కిల్ దాకా నడిస్తే ట్రావెల్స్ బోర్డులకు కొదవ లేదు. హైదరాబాద్ స్లీపర్ బస్సులు, అరుణాచలం గిరిప్రదక్షిణ, కాశీ, శిరిడీ, చార్‌ధామ్ అన్నీ రాసి ఉంటాయి. క్రూజ్ అని రాసిన బోర్డు మాత్రం నాకు ఒక్కటీ కనబడలేదు. అందుకే ఓడ ప్రయాణం అనుకున్నప్పుడు ఓడను ఎంచుకోవడం కంటే, దాన్ని బుక్ చేసే మనిషిని ఎంచుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది.

మేము ఆరుగురం. నేను, మా ఆయన, తొమ్మిదో తరగతి చదివే మా పాప, అత్తమ్మ, మామయ్య, మా అమ్మ. పెద్దవాళ్ళు ముగ్గురూ అరవై ఐదు దాటినవాళ్ళే. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, మామయ్యకు షుగర్. రోజుకో ఊరు, రోజుకో లాడ్జి, తెల్లవారుజామునే లేచి బస్సెక్కడం వాళ్ళ వల్ల కాదు. ఓడలో అయితే పెట్టె ఒక్కసారి విప్పితే చాలు, గదే మనతో పాటు కదులుతుంది. ఈ ఒక్క కారణం మీదే ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు.

మొదట మన దేశంలోదే చూశాం. కార్డీలియా వాళ్ళ ఎంప్రెస్ ఓడ ముంబై నుంచి గోవా, కొచ్చి, లక్షద్వీప్ వైపు తిరుగుతుంది. ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ అనంతపురంలోనే ఎక్కి ముంబైలో దిగొచ్చు, వీసా గొడవ లేదు. కానీ మా పాప సంక్రాంతి సెలవులకూ ఓడ తేదీలకూ కుదరలేదు. ఇక సింగపూర్ వైపు చూశాం. దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు బెంగళూరుకు మన వైపే, హైవే మీదే ఉంటుంది కాబట్టి బెంగళూరు ట్రాఫిక్‌లో కాలు పెట్టకుండానే విమానం ఎక్కేయొచ్చు. అక్కడి మరీనా బే క్రూజ్ సెంటర్ నుంచి రాయల్ కరీబియన్ ఓడలు, జెంటింగ్ డ్రీమ్ లాంటివి మలేసియా, థాయిలాండ్ వైపు మూడు నాలుగు రాత్రుల ప్రయాణాలు వేస్తుంటాయి. మన దగ్గర సెలవులకు అది సరిపోతుంది.

ఓడ కంపెనీ వెబ్‌సైట్లో నేరుగా కొనుక్కోవచ్చు కదా అని మా ఆయన అన్నారు. కొనుక్కోవచ్చు. గదుల బొమ్మలు, డెక్ ప్లాన్లు (ఏ అంతస్తులో ఏముందో చూపే పటాలు) అన్నీ అందులో ఉన్నాయి. అయితే ఆరుగురికి వీసాలు, విమానం, ముందు రోజు హోటలు, వీల్‌చెయిరు, పాస్‌పోర్టుల్లో పేర్ల తిరకాసు అన్నీ కలిపి చూసేవాళ్ళు కావాలి. పైగా సింగపూర్ వీసాకు మనవాళ్ళు మామూలుగా అక్కడి ప్రభుత్వం గుర్తించిన వీసా ఏజెంట్ల ద్వారానే అప్లై చేయాలి. ఎలాగూ ఒక ఏజెంటు గడప తొక్కాల్సిందే.

నేను ఒక ప్రైవేటు కాలేజీలో అకౌంట్స్ చూస్తాను. ఫీజు రసీదులో ఒక వరుస తక్కువైతే కంటికి కనబడే అలవాటు. కొటేషన్లు అన్నీ తెప్పించి ఎక్సెల్ షీటులో పక్కపక్కన పెట్టడం మొదలుపెట్టాను.

మొట్టమొదట వచ్చినవాడు మా చిన్నాన్న కొడుకు చెప్పిన మనిషి. "మనోడే లే అక్కా" అనే పరిచయంతోనే వచ్చాడు. వాట్సాప్‌లో ఓడ ఫొటో, దాని కింద తలకు ఇంత అని ఒకే అంకె. గది ఏ రకం, ఏ డెక్కు, విమానం ఏది అని అడిగితే "అన్నీ ఇన్‌క్లూడెడ్ అక్కా" అన్నాడు. బిల్లు వద్దనుకుంటే టీసీఎస్ కట్టే పని ఉండదు, ఆ ఐదు శాతం మిగులుతుంది, డబ్బులు తన నంబరుకే ఫోన్‌పే కొట్టమన్నాడు. ఆ మాటతో ఆయన వరుస షీటులోంచి తీసేశాను. చిన్నాన్న వాళ్ళింట్లో కొన్ని రోజులు ముఖం ముడుచుకున్నారు, అది వేరే సంగతి.

టీసీఎస్ గురించి ఇక్కడే చెప్పేస్తాను. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మే ఏజెంటు మన దగ్గర ప్యాకేజీ ధర మీద కొంత ఆదాయపు పన్ను వసూలు చేసి, మన పాన్ నంబరు మీద ప్రభుత్వానికి కట్టాలి. మేము 2025 చివర్లో డబ్బు కట్టినప్పుడు ఏడాదికి 10 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం. విమానం టికెట్టు ఒక్కటే కొంటే ఇది పడదు, టికెట్టూ బసా లాంటివి కలిపి ప్యాకేజీగా కొంటే పడుతుంది. ఇది పోయే డబ్బు కాదు. రిటర్న్ వేసేటప్పుడు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు, పన్ను లేకపోతే తిరిగి తెచ్చుకోవచ్చు. కాబట్టి "టీసీఎస్ లేకుండా చేసిపెడతా" అనేవాడు మనకు మిగిల్చేది పెద్దగా ఏమీ లేదు. బిల్లు లేకుండా తన డబ్బు మాత్రం జాగ్రత్త చేసుకుంటున్నాడు.

రెండోది పేరున్న ఆన్‌లైన్ కంపెనీ. వెబ్‌సైట్లో నంబరు ఇచ్చిన పావుగంటకే ఫోన్ వచ్చింది. అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది, కానీ ప్రతి ఫోనుకూ కొత్త గొంతు. ప్రతిసారీ ఆరుగురి వయసులు మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. "ఈ రేటు ఈ రాత్రి పన్నెండు వరకే మేడం" అని మూడు వేరు వేరు రోజుల్లో ముగ్గురు చెప్పారు. రేటు నిజంగానే అందరికంటే తక్కువ కనబడింది. ఎందుకు తక్కువో తెలుసుకోవడానికి మెయిల్లో విడివిడిగా లెక్క రాసి పంపమని అడిగాను. వచ్చిన లెక్కలో ఓడ ఛార్జీ ఉంది, జీఎస్టీ ఉంది. పోర్టు ఛార్జీలు, గ్రాట్యుటీ లేవు. కింద చిన్న అక్షరాల్లో "వర్తించే మేరకు అదనం" అని ఉంది.

ఈ గ్రాట్యుటీ మన ఉద్యోగాల గ్రాట్యుటీ లాంటిది కాదు. ఓడ సిబ్బందికి టిప్పు కింద తలకు రాత్రికి ఇంత అని డాలర్లలో కట్టించుకుంటారు, పిల్లలకు కూడా. రాత్రికి 18 డాలర్లు వేసుకున్నా ఆరుగురికి మూడు రాత్రులకు 324 డాలర్లు, అప్పటి రేటుకు మన డబ్బుల్లో 28 వేలకు పైనే. ముందే కట్టకపోతే ఓడ దిగేరోజు గది బిల్లులో చేరుతుంది. అప్పుడు ఏజెంటును తిట్టుకుని లాభం లేదు. పోర్టు ఛార్జీలు కూడా తప్పించుకునేవి కావు. ఈ రెండు వరుసలూ కలిపి చూస్తే తక్కువ అనుకున్న రేటు మిగతావాళ్ళ రేటు పక్కనే వచ్చి నిలబడింది.

నవ్వొచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. రేటు తగ్గించడానికి వాళ్ళ సిస్టమ్ మమ్మల్ని రెండు గదుల్లో ముగ్గురు ముగ్గురుగా సర్దింది. మూడో మనిషికి ఛార్జీ తక్కువ పడుతుంది, అది నిజమే. కానీ ఒక గదిలో అత్తమ్మ, మామయ్య, మా అమ్మ! వియ్యంకుడూ వియ్యపురాలూ ఒకే గదిలో! పైగా మూడో పడక గోడలోంచి కిందికి లాగే పైబెర్తు, నిచ్చెన వేసుకుని ఎక్కాలి. మామయ్య ఆ కాగితం చూసి "మీ అమ్మ పైన పడుకుంటే నేను బయట డెక్కు మీదే పడుకుంటానమ్మా" అన్నారు. మేము కుదరదని చెప్తే, ఫోన్లో ఆ అమ్మాయికి ఎందుకు కుదరదో చివరి దాకా అర్థం కాలేదు.

మూడో మనిషి మన ఊరివాడే. కమలానగర్‌లో చిన్న ఆఫీసు. మా కాలేజీ స్టాఫ్ టూర్లన్నీ ఆయన చేతుల మీదుగానే నడుస్తాయి. ఆయన దాపరికం లేని మనిషి. "అక్కా, నేను ఓడ ఇంతవరకు అమ్మలేదు. హైదరాబాద్‌లో హోల్‌సేల్‌గా ఇచ్చేవాళ్ళున్నారు, వాళ్ళ దగ్గర తీసిస్తా. వాళ్ళు మళ్ళీ ఓడ కంపెనీ ఇండియా ఆఫీసు నుంచి తీసుకుంటారు" అని మొత్తం చెప్పేశాడు. ఇందులో తప్పేమీ లేదు, చాలా చోట్ల వ్యాపారం ఇలాగే నడుస్తుంది. నన్ను ఆపింది వేరే విషయం. ఏజెంటు ద్వారా బుక్ చేస్తే, ఆ తర్వాత పేరు మార్చాలన్నా గది మార్చాలన్నా ఓడ కంపెనీలు సాధారణంగా మనతో మాట్లాడవు, "మీ ఏజెంటును అడగండి" అంటాయి. అంటే ఆదివారం రాత్రి ఏదైనా అవసరం పడితే నేను ఆయనకు, ఆయన హైదరాబాద్‌కు, హైదరాబాద్ ముంబైకి ఫోన్ చేయాలి. మధ్యలో ఒక్కరు ఫోన్ ఎత్తకపోయినా గొలుసు తెగుతుంది.

ఆయన కొటేషన్లో మలేసియాలోని పోర్ట్ క్లాంగ్ రేవులో దిగి బాతు గుహల మురుగన్ గుడికి వెళ్ళే టూరు కూడా ఉంది. భక్తి విషయంలో అత్తమ్మకు చాలా నచ్చింది. ఆ గుడికి 272 మెట్లు. అమ్మ మోకాళ్ళ సంగతి నేను ముందే చెప్పాను, కానీ హైదరాబాద్ నుంచి వచ్చిన ప్యాకేజీకి ఆ సంగతి తెలియదు కదా.

నాలుగో ఏజెన్సీ బెంగళూరులో. మా కాలేజీలో ఇంగ్లీషు మేడం వాళ్ళ అమ్మాయి పెళ్ళయ్యాక వీళ్ళ ద్వారానే ఓడ ఎక్కింది. ఓనరు ఒక ఆవిడ, వాళ్ళ అమ్మగారిది హిందూపురం అట, తెలుగు బాగా మాట్లాడతారు. ఫోన్ చేసి రేటు ఎంత అని అడిగితే రేటు చెప్పలేదు. దాదాపు అరగంట సేపు ఆవిడే నన్ను ప్రశ్నలు అడిగారు. ఎవరెవరికి ఎంత వయసు? మెట్లు ఎక్కగలరా? ఎవరు ఎవరితో గది పంచుకుంటారు? రాత్రి మందులు ఏ టైముకు? పాస్‌పోర్టులు ఎప్పటిదాకా ఉన్నాయి? అందులో ఇంటిపేరు ఎలా పడింది? నీళ్ళ మీద ఎవరికైనా వాంతులవుతాయా? నిజం చెప్తే, ఆ అరగంటలోనే నా మనసు సగం అటు మొగ్గింది. మిగతా ముగ్గురూ ఎంత డబ్బు పెట్టగలరని అడిగారు, ఈవిడ ఎవరు వస్తున్నారని అడిగారు.

మేము థాయిలాండ్‌లోని ఫుకెట్ వెళ్ళే నాలుగు రాత్రుల ప్రయాణం మీద మనసు పెట్టుకున్నాం, ఫొటోలు బాగున్నాయని. ఆవిడ వద్దన్నారు. ఫుకెట్‌లో పెద్ద ఓడలు సాధారణంగా పటాంగ్ తీరానికి దూరంగా లంగరు వేసి, జనాన్ని చిన్న బోట్లలో ఒడ్డుకు చేరుస్తాయి. ఊగే ఓడలోంచి ఊగే బోటులోకి కాలు పెట్టాలి. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి అది నరకం. దాని బదులు మలేసియాలోని పెనాంగ్ వెళ్ళమన్నారు. అక్కడ ఓడ స్వెట్టెన్‌హామ్ పియర్‌కు ఆనుకునే ఆగుతుంది, దిగితే జార్జ్‌టౌనే. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన పాత ఊరు, లిటిల్ ఇండియా, మారియమ్మ గుడి అన్నీ రేవుకు దగ్గర. ఫుకెట్ ప్రయాణం ఖరీదు ఎక్కువ, అంటే ఆవిడ కమిషనూ ఎక్కువే. అయినా ఆవిడే వద్దన్నారు.

గదుల విషయంలో కూడా ఇంతే. మూడు గదులు చెప్పారు. అత్తమ్మ మామయ్యలకు ఒకటి, మాకు ఒకటి, మా గదికి మధ్య తలుపు ఉన్న పక్క గది అమ్మకూ పాపకూ. బాల్కనీ గది పెద్దవాళ్ళకు ఒక్కటి చాలన్నారు, మిగతా రెండూ కిటికీ లేని లోపలి గదులు, నిద్రపోవడానికి తప్ప ఎవరూ గదిలో ఉండరని. ఓడ మధ్య భాగంలో, కింది డెక్కుల్లో ఊగుడు తక్కువ కాబట్టి అక్కడే చూశారు. మిగతా కొటేషన్లలో చవకగా కనబడ్డవి "గ్యారంటీ" గదులు. గది రకం ఇదీ అని ఖాయం చేస్తారు, నంబరు మాత్రం ఓడ కంపెనీ తర్వాత తన ఇష్టం వచ్చినచోట ఇస్తుంది. ఒంటరిగా వెళ్ళే కుర్రవాళ్ళకు అది మంచి బేరమే. మాలాంటి బలగానికి అమ్మ ఐదో డెక్కులో, మేము పదో డెక్కులో పడితే కథ ముగిసినట్టే.

నచ్చారు కదా అని వెంటనే డబ్బు కట్టలేదు. వాళ్ళ జీఎస్టీ నంబరు అడిగి, జీఎస్టీ పోర్టల్లో వేసి చూశాను. ఇది ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, సంస్థ పేరు, ఎప్పటి నుంచి ఉంది, ఇంకా నడుస్తోందా అన్నీ కనబడతాయి. ఓడ కంపెనీ ఇండియా ఆఫీసుకు ఫోన్ చేసి, ఈ పేరుతో మీకు ఏజెంటు ఉన్నారా అని అడిగాను, ఉన్నారని చెప్పారు. గోడ మీద అయాటా సర్టిఫికెట్ ఉందని కొందరు గొప్పగా చెప్తారు. అది విమాన టికెట్లకు సంబంధించిన గుర్తింపు. మంచిదే కానీ, ఓడల గురించి తెలుసో లేదో దాన్నిబట్టి తేలదు. తర్వాత ఒక శనివారం బెంగళూరులో వేరే పని ఉంటే, ఆ ఆఫీసుకూ వెళ్ళి కూర్చుని వచ్చాం. రెండు గదుల ఆఫీసు, ముగ్గురు పనివాళ్ళు. ఏసీ హాలు, సోఫాలు ఏవీ లేవు. మా ఆయనకు కొంచెం అనుమానం కలిగింది కానీ, అక్కడ కూర్చున్న గంటసేపట్లో ఆవిడ ఇద్దరు కస్టమర్లతో మాట్లాడిన తీరు విన్నాక సర్దుకున్నారు.

నాలుగు రాళ్ళు తగ్గించమని బేరమాడాను, మన అలవాటు ఎక్కడికి పోతుంది! ఆవిడ దాచుకోకుండా చెప్పారు. ఓడ ఛార్జీ మీదే తమకు కమిషన్ వస్తుంది, పోర్టు ఛార్జీల మీద, పన్నుల మీద రూపాయి రాదు. ఓడ కంపెనీ అందరు ఏజెంట్లకూ ఇంచుమించు ఒకే రేటు ఇస్తుంది. "ఇంకా తక్కువకు ఇస్తామని ఎవరైనా అంటే ఏ వరుస తీసేశారో చూడండి మేడం" అన్నారు. నా షీటులో అప్పటికే ఆ వరుసలు కనబడుతున్నాయి కాబట్టి బేరం అక్కడితో ఆపేశాను.

డబ్బు కట్టే ముందు మూడు సంగతులు మెయిల్లో రాయించుకున్నాను. డిపాజిట్ కట్టిన తర్వాత ఓడ కంపెనీ బుకింగ్ నంబరు మాకు ఇవ్వాలి, ఏజెన్సీ ఫైలు నంబరు పనికిరాదు. రద్దు చేసుకుంటే ఓడ కంపెనీ కోత ఎంత, దాని మీద ఏజెన్సీ కోత ఎంత, ఏ తేదీ దాటితే ఎంత అన్నది విడివిడిగా ఉండాలి. డబ్బు సంస్థ కరెంటు ఖాతాకే వెళ్ళాలి. మూడింటికీ ఒప్పుకున్నారు. రద్దు కోత ప్రయాణం దగ్గరపడే కొద్దీ పెరుగుతుంది, చివరి వారాల్లో మొత్తం పోతుంది. ఇది ఓడలన్నిటికీ ఉన్న పద్ధతే, ఏజెంట్లు సాధారణంగా డబ్బు కట్టాక చెప్తారు. ఏజెన్సీ బెంగళూరులో ఉంటే రేపు గొడవైతే అక్కడి కోర్టుల చుట్టూ తిరగాలా అని మామయ్య అడిగారు. అక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోని కమిషన్లోనే కేసు వేయొచ్చు. అంతకంటే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

డిపాజిట్ కట్టిన సాయంత్రమే కన్ఫర్మేషన్ వచ్చింది. అందులోని నంబరు ఓడ కంపెనీ యాప్‌లో వేస్తే మా ఆరుగురి పేర్లు, మూడు గదుల నంబర్లు కనబడ్డాయి. నాకు టెన్షన్ తగ్గింది అప్పుడే.

పేర్ల సంగతి చెప్పాలి, మనవైపు ఇది పెద్ద తలనొప్పి. అమ్మ ఆధార్‌లో పేరు ముందు ఒక్క ఇంగ్లీషు అక్షరం, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పాన్‌లో ఇంకోలా. ఆన్‌లైన్ కంపెనీ ఆధార్ చాలంది. ఈవిడ మాత్రం పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ స్కాన్ చేసి పంపమన్నారు. ఫొటో ఉన్న పేజీ అడుగున బాణాల గుర్తులతో రెండు వరుసలు ఉంటాయే, యంత్రం చదివేవి, వాటిని చూసే పేర్లు టైప్ చేస్తామన్నారు. విమానం, ఓడ, వీసా మూడింట్లోనూ అక్షరం తేడా లేకుండా అదే పేరు. మామయ్య పాస్‌పోర్టుకు ప్రయాణం నాటికి ఆరు నెలల గడువు మిగలదని కూడా మొదటి ఫోన్లోనే తేలింది. పాత నంబరుతో ఓడ బుక్ చేసి తర్వాత మార్చుకోవచ్చు, వీసాకు మాత్రం కొత్త పాస్‌పోర్టు రావాల్సిందే అన్నారు. వెంటనే రెన్యువల్‌కు పెట్టాం.

వీసా వచ్చాక ఎన్నిసార్లు అడుగుపెట్టొచ్చో చూసుకోవాలి. ఓడ సింగపూర్ నుంచి పెనాంగ్ వెళ్ళి మళ్ళీ సింగపూర్ వస్తుంది కాబట్టి ఒక్కసారికే ఇచ్చిన వీసా పనికిరాదు. మలేసియాకు మనకు ఇప్పుడు వీసా అక్కర్లేదు కానీ ఆన్‌లైన్లో ఎరైవల్ కార్డు నింపాలి. సింగపూర్‌కూ అలాంటిదే ఒకటి, రాకకు మూడు రోజుల లోపల. రెండూ ఉచితం. గూగుల్లో వెతికితే పైన కనబడే కొన్ని సైట్లు వీటికి డబ్బులు అడుగుతాయి, వాటి జోలికి పోవద్దని ఆవిడ ప్రభుత్వ సైట్ల లింకులే పంపారు.

చివరి వాయిదా కట్టే ముందు ఒకరోజు ఆవిడే ఫోన్ చేశారు. మా లోపలి గదుల రేటు ఓడ కంపెనీ తగ్గించిందట. పూర్తి డబ్బు కట్టకముందు కాబట్టి కొత్త రేటుకు మార్పించారు. మాకు కబురే లేదు, ఆవిడ చెప్పకపోతే తెలిసేది కాదు.

విమానం విషయంలో ఒక్క చోట నేను ఒప్పుకోలేదు. ఓడ ఎక్కే రోజు పొద్దున సింగపూర్‌లో దిగే రాత్రి విమానం చవక, హోటలు ఖర్చు కూడా మిగులుతుంది. ఆవిడ ససేమిరా అన్నారు. జనవరిలో దేవనహళ్ళిలో తెల్లవారితే పొగమంచు, విమానాలు ఆలస్యమవుతాయి, ఓడ మీ కోసం ఆగదు, ఒకరోజు ముందే దిగాలన్నారు. ఆరుగురికి హోటలు అంటే నాకు ప్రాణం పోయినంత పనైంది, కానీ చివరికి ఆవిడ మాటే నెగ్గింది. మా విమానం నిజంగానే పొగమంచుతో గంటల తరబడి ఆలస్యమైంది. మర్నాడు ఓడ కాబట్టి, మామయ్య ఎయిర్‌పోర్టులో హాయిగా కునుకు తీశారు. మా వెనక వరుసలో ఒక కుటుంబం అదే సాయంత్రం ఓడ ఎక్కాలట, ఫోన్లు చేస్తూ నిలబడే ఉన్నారు.

అనంతపురం నుంచి ఎయిర్‌పోర్టుకు టెంపో ట్రావెలర్ మాత్రం కమలానగర్ ఆయన దగ్గరే తీసుకున్నాం. అందులో ఆయన్ని మించినవాళ్ళు లేరు.

ఓడలో అంతా సాఫీగా ఏమీ జరగలేదు. రాత్రి భోజనానికి మాకు ఆలస్యపు బంతి పడింది, ఎనిమిది దాటాక. మామయ్య షుగర్ మాత్రలకు అది కుదరదు. మొదటి ఫోన్లోనే మందుల టైము అడిగిన మనిషి, బుకింగ్‌లో ముందు బంతి పెట్టించడం మరిచిపోయారు. మెసేజ్ పెడితే తమ పొరపాటేనని ఒప్పుకుని, ఎక్కిన మధ్యాహ్నమే డైనింగ్ మేనేజరును కలవమన్నారు. వెళ్ళి అడిగితే నిమిషాల్లో మార్చారు. టెర్మినల్లో అమ్మకు వీల్‌చెయిరు సిద్ధంగా ఉంది. పక్క గది మధ్య తలుపును క్యాబిన్ కుర్రాడు తాళం తీసి ఇచ్చాడు. శాకాహారం ముందే రాయించాం కాబట్టి అమ్మ పప్పన్నం దొరకలేదని బాధపడలేదు, రుచి గురించి మాత్రం రోజూ తీర్పు చెప్పింది. పెనాంగ్‌లో రేవు నుంచి మారియమ్మ గుడికి మెల్లగా వెళ్ళి, లిటిల్ ఇండియాలో ఇడ్లీ తిని, ఎండ ముదరకముందే ఓడకు తిరిగొచ్చాం. ఓడవాళ్ళు అమ్మే టూరు మేము తీసుకోలేదు. తీసుకుని ఆలస్యమైతే ఓడ వాళ్ళదే పూచీ, సొంతంగా తిరిగితే మనదే. పెనాంగ్‌లో అన్నీ దగ్గర కాబట్టి ధైర్యం చేశాం, పోర్ట్ క్లాంగ్ నుంచి కౌలాలంపూర్ దాకా వెళ్ళాల్సి ఉంటే తీసుకునేవాళ్ళమే.

దిగేరోజు గది బిల్లులో పాప ఆడుకున్న ఆటల డబ్బులు, మామయ్య తాగిన కాఫీలు తప్ప కొత్త వరుస ఏదీ లేదు. గ్రాట్యుటీ ముందే కట్టినట్టు రాసి ఉంది.

జనవరి నెలాఖరులో మా ఆయన పాన్‌తో 26ఏఎస్ (మన పేరు మీద జమైన పన్నుల పట్టిక) తెరిచి చూశాను. ఏజెన్సీ పేరు, పన్ను వసూలు చేసేవాళ్ళకు ఉండే ట్యాన్ నంబరు, మేము కట్టిన మొత్తం, వసూలు చేసిన టీసీఎస్ అన్నీ పైసా తేడా లేకుండా పడ్డాయి. టీసీఎస్ వసూలు చేసినట్టు ఇచ్చే 27డి సర్టిఫికెట్ పంపమని మెయిల్ పెడితే రెండో రోజుకు వచ్చింది. ప్రింటు తీసి రిటర్న్ ఫైల్లో పెట్టాను.